సీఆర్పీ 9.6 నుంచి 41కి పెరిగింది, నాన్నకి మళ్ళీ తిరగబెడుతోందా?

పశ్చిమ గోదావరి వైపు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు, వాటితో పాటు ఆరు ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా చెప్తాను.

ఆవిడ నాన్నగారికి 67 ఏళ్ళు, రిటైరైన టీచరు, పదిహేనేళ్ళుగా షుగరు. పోయిన నెల జ్వరం, దగ్గు మొదలై ఐదో రోజుకి ఆయాసం వచ్చింది. పీసీఆర్‌లో హెచ్1ఎన్1 ఫ్లూ అని తేలింది, ఎక్స్‌రేలో రెండు వైపులా న్యుమోనియా. ఆరు రోజులు ఆసుపత్రి, అందులో మూడు రోజులు ఆక్సిజన్. ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. జ్వరం లేదు, ఆక్సీమీటర్‌లో 95, 96 చూపిస్తోంది, వరండా దాకా నడిచి కూర్చుంటున్నారు, తిండి మాత్రం సగమే.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య రోజు విడిచి రోజు రక్త పరీక్షలు చేయించమంటాడు. వచ్చిన అంకెల్ని ఎక్సెల్ షీట్‌లో వేసి, గ్రాఫ్ గీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. డిశ్చార్జి రోజు సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపించే రక్త పరీక్ష) 9.6 ఉంటే ఇంటికొచ్చిన రెండో రోజు 41 వచ్చింది, తర్వాత 29, మొన్న 33. "నాలుగింతలైంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరుగుతోంది, ఆసుపత్రివాళ్ళు తొందరపడి పంపేశారు, వెంటనే సీటీ స్కాన్ తీయించు" అని అన్నయ్య పట్టు. అతని స్నేహితుడెవరో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టమన్నాడట. ల్యాబ్‌వాళ్ళ ప్యాకేజీలో కోవిడ్ యాంటీబాడీ టెస్టు కూడా ఉంది, అందులో "250 పైన" అని వచ్చేసరికి బావగారు కరోనా ఇంకా ఒంట్లోనే ఉందని తేల్చేశారు. నాన్నగారేమో చెయ్యి చాపనంటున్నారు. పొద్దున్న ల్యాబ్ కుర్రాడు తొమ్మిదికి వచ్చేదాకా కాఫీ కూడా ఇవ్వకుండా కూర్చోబెడుతున్నారని ఆయనకి కోపం.

ఇదంతా రాసి, చివరి పేజీలో ఆవిడ అసలు సంగతి రాశారు. 2021 మేలో అమ్మ కోవిడ్ న్యుమోనియాతో పోయారు. అన్నయ్య రాలేకపోయాడు. ప్లాస్మా కోసం, అంటే కోవిడ్ తగ్గినవాళ్ళ రక్తం నుంచి తీసి రోగికి ఎక్కించే ద్రవం కోసం, ఈవిడ రెండు రోజులు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగారు, దొరికేసరికి ఆలస్యమైంది. "అప్పుడు నేను త్వరగా టెస్టులు చేయించి ఉంటే, ప్లాస్మా ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు టెస్టులు ఆపేసి నాన్నకేమైనా అయితే అన్నయ్య మొహం ఎలా చూడను?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముందు ఆ 9.6 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇంట్లో జరుగుతున్న గొడవలో సగం దాని మీదే ఉంది.

ఆసుపత్రి రిపోర్టులో 9.6 పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది డెసీలీటరుకు మిల్లీగ్రాములు. ఇంటికొచ్చే ల్యాబ్ రిపోర్టులో 41 పక్కన ఉన్నది లీటరుకు మిల్లీగ్రాములు. లీటరంటే పది డెసీలీటర్లు. అంటే డిశ్చార్జి రోజు మీ నాన్నగారి సీఆర్పీని రెండో ల్యాబ్ లెక్కలో చెప్పాలంటే 96. చేరిన రోజు 18.4 అని ఉంది చూడండి, అది 184. ఇప్పుడు వరసగా చదవండి: 184, 96, 41, 29, 33. మీ అన్నయ్య గీసిన గ్రాఫ్ కొండెక్కుతోంది గానీ, మీ నాన్నగారి ఒంట్లో జరిగింది కొండ దిగడం.

ఇదే పొరపాటు డి-డైమర్‌లో (రక్తం ఎక్కడైనా గడ్డకట్టిందేమో పసిగట్టే పరీక్ష) తిరగేసి జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆసుపత్రిలో 1240, ఇంటి దగ్గర 0.9. షీట్‌లో దానికి పచ్చరంగు వేసి "సూపర్" అని రాశారు. ఆ 0.9 మైక్రోగ్రాముల్లో ఉంది, మొదటిది నానోగ్రాముల్లో. మైక్రోగ్రామంటే వెయ్యి నానోగ్రాములు. కాబట్టి 1240 నుంచి 900కి వచ్చింది, అంతే. తగ్గింది, మంచిదే, మాయమైతే కాలేదు. వయసు పెరిగేకొద్దీ డి-డైమర్ మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది. రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానం తక్కువగా ఉన్నప్పుడు, యాభై దాటినవాళ్ళకి వయసుని పదితో గుణించి హద్దు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. మీ నాన్నగారికి అది 670. ఇంత పెద్ద న్యుమోనియా వచ్చి పోయాక 900 ఉండటం వింతేం కాదు. కానీ ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టున్నా డి-డైమర్ ఎంతుందని ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

సరే, 29 నుంచి 33 పెరిగింది కదా అంటారు. పెరిగింది. ఆ మాత్రం తేడా మెషీన్‌లోనూ, మనిషిలోనూ రోజువారీగా ఉంటుంది. సీఆర్పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా ఐఎల్-6 అనే సంకేతం కాలేయానికి అందుతుంది, అది సీఆర్పీని గుమ్మరిస్తుంది. కొన్ని గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది, కారణం తగ్గితే సుమారు 19 గంటలకోసారి సగమవ్వాలి. నిజజీవితంలో అంత శుభ్రంగా తగ్గదు, ఎందుకంటే కారణం ఒక్కసారిగా స్విచ్ ఆపినట్టు ఆగదు. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల రక్తంలోనే. తర్వాత తెలిసిందేమంటే అది న్యుమోనియాకే కాదు, చిగుళ్ళ వాపుకీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కీ పెరుగుతుంది. ఎక్కడో ఏదో కాలుతోందని చెప్తుంది, ఏ ఇంట్లో కాలుతోందో చెప్పదు.

అందుకని నాదొక చిన్న సలహా. సీటీకి పరిగెత్తే ముందు నాన్నగారి చేతులు చూడండి. సెలైన్ సూది ఉన్న చోట నరం గట్టిగా తాడులా తగులుతోందా, ఎర్రగా, నొప్పిగా ఉందా? ఆసుపత్రి నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఇది చాలా మామూలు. మూత్రం పోసేటప్పుడు మంట ఉందేమో అడగండి, మగవాళ్ళు కూతురితో చెప్పరు, ఫోన్లో డాక్టరు అడిగితే చెప్తారు.

ఫెర్రిటిన్ 640 గురించి ఒక్క ముక్క. అది ఇనుముని దాచే ప్రొటీన్, ఇన్‌ఫ్లమేషన్‌లో పెరుగుతుంది, షుగరు ఉన్నవాళ్ళలోనూ, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలోనూ జబ్బు రాకముందే కాస్త ఎక్కువుండొచ్చు. జబ్బుకి ముందు ఎంతుందో మనకి తెలీదు కాబట్టి దాన్ని వెంటాడొద్దు. ప్రొకాల్సిటోనిన్ 0.08 ఉంది, అది మీకు మంచి కబురు. బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో ఇది బాగా పెరుగుతుంది, ఒట్టి వైరస్ అయితే సాధారణంగా తక్కువే ఉంటుంది. దీన్ని ఒక్కదాన్నే నమ్మి యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అని తేల్చేయకూడదు గానీ, జ్వరం లేకపోవడం, ఆక్సిజన్ బాగుండటం, ఇది తక్కువుండటం, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఇక బావగారి యాంటీబాడీలు. ఆ 250 పైన అన్నది కొన్ని మెషీన్లు అంతకుమించి లెక్కపెట్టకుండా ఆగిపోయే హద్దు, కరోనా ఇంకా ఉందని కాదు. ఆ టెస్టు వెతికింది కరోనా వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్ మీద యాంటీబాడీల్ని, అంటే దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకున్న ప్రొటీన్లని. వ్యాక్సిన్ వేయించుకున్నవాళ్ళకీ, ఎప్పుడో కోవిడ్ వచ్చి పోయినవాళ్ళకీ అవి ఉంటాయి, అంటే మీ వీధిలో ఎవరికి చేసినా దాదాపు అదే వస్తుంది. టైఫాయిడ్‌కి విడాల్ టెస్టు చేసి, పాత యాంటీబాడీలు కనపడితే చాలు మందులు మొదలుపెట్టే అలవాటు మనకి తరాలుగా ఉంది కదా, ఇదీ అదే రకం. యాంటీబాడీ అనేది వచ్చిపోయిన చుట్టం వదిలివెళ్ళిన చెప్పుల జత లాంటిది, చుట్టం లోపలే ఉన్నాడని దానికి అర్థం కాదు. కొందరు వేరే ప్రొటీన్ మీద, న్యూక్లియోక్యాప్సిడ్ అంటారు, దాని మీద యాంటీబాడీలు చూస్తే వ్యాక్సిన్ వల్ల వచ్చినవా, జబ్బు వల్ల వచ్చినవా తెలుస్తుందంటారు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్ళ విషయంలో అది నిజమే, అది ఒంటికి చూపించేది స్పైక్ ఒక్కదాన్నే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది, కాబట్టి అది వేసుకున్నవాళ్ళకి ఆ తేడా కూడా తెలీదు. మీ ప్రశ్నకి ఇదేమీ అవసరం లేదు, ఈ నెల జబ్బు చేసింది ఫ్లూ.

"మరి ఫ్లూకి యాంటీబాడీలు వచ్చాయో లేదో చూడాలా?" అని కూడా రాశారు. చూడొచ్చు, ఉపయోగం లేదు. సరిగా చేయాలంటే జబ్బు మొదట్లో ఒక శాంపిల్, రెండు మూడు వారాల తర్వాత ఇంకొకటి తీసి, నాలుగింతలు పెరిగిందా అని పోల్చాలి. పరిశోధనలకీ, ఊళ్ళో ఫ్లూ ఎంత తిరిగిందో లెక్కకీ పనికొస్తుంది. ఫలితం ఎలా వచ్చినా నాన్నగారి మందులో ఒక్క మాత్ర మారదు. ఎక్కువ యాంటీబాడీలుంటే ఎక్కువ బలం అనుకోవడం కూడా పొరపాటే. కోవిడ్‌లో జబ్బు ఎక్కువగా చేసినవాళ్ళకే తర్వాత అంకె పెద్దగా వచ్చేది, వైరస్‌ని ఎక్కువ చూశారు కాబట్టి. అంతకన్నా విచిత్రం 2020లో బయటపడింది. ప్రాణం మీదకొచ్చిన 987 మంది కోవిడ్ న్యుమోనియా రోగుల్లో 101 మందికి, వైరస్‌ని ఆపాల్సిన తమ సొంత ఇంటర్‌ఫెరాన్లనే ప్రొటీన్ల మీదే యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్ళు. కంచే చేను మేయడమంటే అదే. బావగారికి ఇది చెప్పండి, కాసేపు మౌనంగా ఉంటారు.

స్టెరాయిడ్ విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు, ఎవరో ఫోన్లో చెప్పారని మొదలుపెట్టకండి. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది నిజం, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి ఏ మేలూ కనపడలేదు. పైగా అది కోవిడ్. ఫ్లూ న్యుమోనియాలో స్టెరాయిడ్ వాడినవాళ్ళలో మరణాలే ఎక్కువ కనిపించాయి కాబట్టి వేరే కారణం ఉంటే తప్ప వాడొద్దంటారు. షుగరున్న మనిషికి ఇష్టమొచ్చినట్టు స్టెరాయిడ్ ఇస్తే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ వార్డులు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ చివరి పేజీకి వస్తాను.

మీ అమ్మగారికి ప్లాస్మా ఒక్కరోజు ముందు అంది ఉంటే బతికేవారా అని మీరు ఇన్నేళ్ళుగా మోస్తున్నారు. దీనికి జవాబు ఉంది, అదీ అప్పటికే ఉంది. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ప్లాస్మాని పరీక్షించింది, ఫలితాలు 2020 అక్టోబరులో అచ్చయ్యాయి. జబ్బు ముదరకుండా గానీ, మరణం రాకుండా గానీ ప్లాస్మా ఆపలేదు. కారణం కూడా ఊహకి అందేదే, ఆసుపత్రిలో చేరేసరికే ఎక్కువమంది రోగుల రక్తంలో సొంత యాంటీబాడీలు తయారై ఉన్నాయి, బయటి నుంచి మరికొన్ని పోస్తే కొత్తగా జరిగేదేం లేదు. ఆ దశలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తున్నది ముఖ్యంగా ఒంట్లో రేగిన ఇన్‌ఫ్లమేషన్. తర్వాత బ్రిటన్‌లో పదకొండు వేల మందికి పైగా మీద చేసినా అదే తేలింది. మీరు గ్రూపుల్లో మెసేజ్‌లు పెడుతూ ఏడ్చిన ఆ మే నెలలోనే ప్లాస్మాని మన దేశపు చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేశారు. మీకెవరూ చెప్పలేదు, అప్పుడు ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పే పరిస్థితి లేదు. నేనూ ఆ రోజుల్లో ప్లాస్మా తెమ్మని చీటీలు రాసి ఇచ్చినవాడినే, అక్టోబరు ఫలితాలు చదివాక కూడా కొన్ని రాశాను, బంధువులు అడుగుతుంటే కాదనే ధైర్యం లేక. మీలాంటి వాళ్ళని ఎంతమందిని రోడ్ల మీద తిప్పానో.

టెస్టులు త్వరగా చేయించడం సంగతి. 2021 మే మొదట్లోనే అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, తేలికపాటి లక్షణాలున్నవాళ్ళు సొంతంగా ఈ రక్త పరీక్షలు, సీటీలు చేయించుకోవద్దని బహిరంగంగా చెప్పారు, వాటిని చూసి అవసరం లేని మందులు మొదలవుతున్నాయని. మీ అమ్మగారి అంకెలు మీరు రాసినవి చూస్తే, రెండు రోజుల ముందు తెలిసినా అప్పుడు దొరకనిది అంకె కాదు, పడక, ఆక్సిజన్. అన్నయ్య ఆ రోజు అంత దూరంలో ఉండి ఏమీ చేయలేకపోయాడు. ఈసారి అతని చేతిలో ఎక్సెల్ షీట్ ఉంది. దాన్ని లాగేసుకుంటే మిగిలేది మళ్ళీ 2021. అందుకని అతనితో వాదించి గెలవాలని చూడకండి.

మీ ముందు నాకు మూడు దార్లు కనిపిస్తున్నాయి. ఇప్పుడు చేస్తున్నట్టే రోజు విడిచి రోజు చేయించుకుంటూ పోవచ్చు. అన్నయ్య శాంతిస్తాడు, ఒక రోజుకి. కానీ ఇన్ని అంకెలు తీస్తే ఏదో ఒకటి గీత దాటడం ఖాయం, దాని కోసం సీటీ, సీటీలో పాత న్యుమోనియా మచ్చలు కనపడతాయి (కనపడతాయి కచ్చితంగా, ఈ వయసులో అవి పోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు), ఆ మచ్చల కోసం ఇంకో యాంటీబయాటిక్. నాన్నగారు చెయ్యి ఇవ్వనంటున్నారు కదా, నిజంగా అవసరమైన రోజు కూడా ఇవ్వరు.

లేదా పూర్తిగా ఆపేయొచ్చు. వైద్యపరంగా ఇది తప్పేం కాదు, కోలుకుంటున్న మనిషికి ఇంటి దగ్గర ఈ పరీక్షలు చేయాలన్న నియమం ఎక్కడా లేదు. చిక్కేమిటంటే ఫ్లూ తగ్గాక వారం పదిరోజుల్లో బ్యాక్టీరియా న్యుమోనియా వెనకే రావడం అనేది ఉంది, షుగరున్న పెద్దవాళ్ళలో జ్వరం గట్టిగా రాకపోవచ్చు, కాబట్టి ఆపేస్తే కళ్ళు తెరిచి ఉండాలి. ఇంకో చిక్కు, మీ మనసు ఊరుకోదు.

మధ్యలో ఉన్నది నాకు నచ్చిన దారి, మీకు నచ్చాలని లేదు. రివ్యూకి వెళ్ళే రోజున ఒక్కసారి, ఒకే ల్యాబ్‌లో, సీఆర్పీ, రక్త కణాల లెక్క, కిడ్నీల కోసం క్రియాటినిన్. అంతకుముందే డాక్టరుతో మాట్లాడి "ఇది పెరిగితే ఏం చేస్తాం, తగ్గితే ఏం చేస్తాం" అని అడిగి రాసుకోండి. రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ టెస్టు మానేయండి. ఈలోగా రోజూ రాయాల్సినవి వేరే ఉన్నాయి: కూర్చున్నప్పుడూ, వరండా చివరిదాకా నడిచొచ్చాకా ఆక్సీమీటర్ రీడింగు, జ్వరం, షుగరు, ఎంత తిన్నారు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు. ఆ చివరిది అన్నయ్యకి అప్పజెప్పండి. మనకి రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న. వీడియో కాల్‌లో నాన్నగారితో మాట్లాడాక, ఆయన టీవీ చూస్తుంటే పూర్తిగా ఒక నిమిషం పాటు ఛాతీ లేవడం లెక్కపెట్టి షీట్‌లో వేసుకోమనండి. ఈ అంకెకి యూనిట్ల గొడవ లేదు, సీఆర్పీ కన్నా ఇదే ముందు మాట్లాడుతుంది. 24 దాటినా, ఆక్సిజన్ 94 కన్నా కిందే నిలబడినా, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చినా ఆ పూటే డాక్టరుకి ఫోన్. 30కి చేరినా, ఆక్సిజన్ 90 దగ్గరికి పడినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఫోన్ కూడా వద్దు, బండెక్కించండి.

నేను డాక్టరునే గానీ నాన్నగారిని చూసిన డాక్టరుని కాదు, ఆయన ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టినవాళ్ళ మాట నా మాట కన్నా ముందు.

అన్నయ్యకి ముందు ఆ రెండు రిపోర్టుల యూనిట్ల మీద ఎర్ర గీత గీసి ఫొటో పంపండి, గ్రూపులో కాదు, విడిగా. గ్రూపులో పెడితే తప్పు పట్టినట్టుంటుంది, విడిగా పంపితే తనే సరిచేసి గ్రూపులో పెట్టుకుంటాడు. ప్లాస్మా సంగతి మాత్రం రాసి పంపకండి, ఫోన్ చేసి చెప్పండి. అతనూ అదే మోస్తూ ఉండి ఉంటాడని నా అనుమానం.

ఇంకొకటి, ఇది రేపటి నుంచే మార్చొచ్చు. సీఆర్పీకీ, డి-డైమర్‌కీ, యాంటీబాడీలకీ పరగడుపున ఉండక్కర్లేదు. పొద్దుటి షుగరు ఇంట్లో మెషీన్‌తో ఆరింటికే చూసేస్తున్నారు కదా. షుగరు మాత్రలు వేసుకునే మనిషిని తొమ్మిదిదాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడమే ఆ టెస్టులన్నిటికన్నా ప్రమాదం. ల్యాబ్ కుర్రాడు ఎప్పుడొచ్చినా రానివ్వండి, నాన్నగారికి కాఫీ ఆరున్నరకి ఇచ్చేయండి.